ఐ7-12700హెచ్ ల్యాప్‌టాప్ 62 వాట్లకే 96 డిగ్రీలు: లిక్విడ్ మెటల్ వేయాలా, అడుగు కవర్‌కి రంధ్రాలు చేయాలా?

గోదావరిఖని_రెండర్

అందరికీ నమస్తే. నా ల్యాప్‌టాప్ ఐ7-12700హెచ్, ఆర్‌టీఎక్స్ 3060, రెండు ఫ్యాన్లు, 15.6 అంగుళాలు. రెండున్నరేళ్లు వాడింది, వారంటీ అయిపోయింది. ప్రధానంగా బ్లెండర్‌లో 3డీ బొమ్మలు రెండర్ చేసే పని. సీపీయూ మీద గంటల తరబడి నిండు లోడ్ ఉంటుంది.

గది 34 డిగ్రీలు ఉన్నప్పుడు సినీబెంచ్ ఆర్23 (సీపీయూకి నిండు లోడ్ పెట్టే పరీక్ష) పది నిమిషాలు నడిపి, వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూసినవి ఇవి. మొదటి కొన్ని సెకన్లు 110 వాట్లు లాగుతుంది. అర నిమిషంలోపే 97 తాకుతుంది. తర్వాత 62 వాట్లకు పడిపోయి అక్కడే నిలబడుతుంది, అయినా వేడి 96 నుంచి దిగదు. ఆరు పీ-కోర్లలో (సీపీయూలోని వేగమైన కోర్లు) బాగా వేడెక్కేది 97, చల్లగా ఉండేది 78. ఫ్యాన్లు 5200 ఆర్‌పీఎం. మామూలు కూలింగ్ ప్యాడ్ పెడితే రెండు డిగ్రీలు కూడా తగ్గలేదు.

రెండు ఆలోచనలున్నాయి. ఒకటి సీపీయూ మీద పేస్టు బదులు లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) వేయడం. రెండోది ఫ్యాన్ల కింద అడుగు కవర్‌కి డ్రిల్లుతో రంధ్రాలు చేసి పైన జాలీ అతికించడం. హీట్‌పైపుల (వేడిని ఫ్యాన్ల దగ్గరికి మోసే రాగి గొట్టాలు) మీద చిన్న రాగి ఫిన్నులు (పలచటి రేకులు) అతికించమని కూడా కొందరంటున్నారు. ఏది ముందు చేయాలి, ఏది అసలు ముట్టుకోకూడదు? మే వచ్చేసరికి ఈ గది 38 దాటుతుంది. ఆలోగా తేల్చుకోవాలి.

రాగిరేకు

డ్రిల్లు ఇప్పుడే తీయకండి. ముందు కొలత సరిచేసుకుందాం.

ఈ ప్రాసెసర్‌కి పరిమితి 100 డిగ్రీలు. దాని దగ్గరికి రాగానే వాట్లు తగ్గించుకుంటూ వేడిని అక్కడే నిలబెట్టుకుంటుంది. అందుకే రేపు మీరు సీపీయూకీ రాగికీ మధ్య ఉండే పేస్టు ఎంత బాగా మార్చినా నిండు లోడ్‌లో మళ్లీ 95, 96 కనబడొచ్చు. అప్పుడు పెరిగేది వాట్లు. 62 కాస్తా 80, 85 అవుతుంది. వేడి ఒక్కటే చూసేవాళ్లు "మార్చినా లాభం లేదు" అని తేల్చేసి, బాగైనదాన్ని మళ్లీ విప్పుతుంటారు.

వేడిలోంచి గది వేడి తీసేసి, వాట్లతో భాగించండి. (96 − 34) ÷ 62 = 1.0. అంటే ఒక్కో వాటుకి ఒక డిగ్రీ. రెండు ఫ్యాన్లున్న ఇలాంటి మందపాటి ల్యాప్‌టాప్ సరిగ్గా ఉంటే ఈ అంకె 0.7 చుట్టూ రావాలి. ఇకనుంచి మీరు వెంటాడాల్సిన అంకె ఇదే. గది వేడి ఇందులోనే లెక్కకు వస్తుంది కాబట్టి జనవరిలో కొలిచినదాన్ని మేలో కొలిచినదాంతో పోల్చుకోవచ్చు.

వేడికి ఇలా వాట్లు తగ్గించుకోవడాన్నే థ్రాటిల్ అంటారు. అది జరుగుతుండగా పోల్చడం కష్టం. థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి టీపీఎల్ పేజీలో పీఎల్1, పీఎల్2 (ఎక్కువసేపటికి, కొద్దిసేపటికి ఉండే వాట్ల పరిమితులు) రెండూ 45 వాట్లకు కట్టేయండి. ఫ్యాన్లు గరిష్ఠ వేగంలో పెట్టి పదిహేను నిమిషాలు సినీబెంచ్ నడపండి. చివరి ఐదు నిమిషాల సగటు రాసుకోండి. ఏ మార్పు చేసినా ముందూ వెనకా ఇదే పరీక్ష.

ఇక మీ అంకెల్లో నన్ను ఆపింది 97, 78. పీ-కోర్ల మధ్య 19 డిగ్రీల తేడా. కోర్ల మధ్య ఎనిమిది, పది డిగ్రీలు మామూలే. పదిహేను దాటిందంటే హీట్‌సింక్ (వేడిని లాగే రాగి పలక, పైపులు) డై (చిప్పులోని సిలికాన్ ముక్క) మీద సమంగా కూర్చోలేదనో, మధ్యలో పేస్టు లేదనో అర్థం. ల్యాప్‌టాప్ సీపీయూకి పైన మూత ఉండదు, సిలికాన్ నేరుగా రాగికి తగులుతుంది. వేడెక్కి చల్లారే ప్రతిసారీ ఆ రెండూ వేర్వేరుగా సాగి ముడుచుకుంటాయి. దాంతో పలచటి పేస్టు నెమ్మదిగా అంచులకు జరిగిపోతుంది. దీన్నే పంప్-అవుట్ అంటారు. రెండున్నరేళ్ల రెండరింగ్‌కి ఇది జరిగి ఉండటమే ఎక్కువ అవకాశం.

ఇంకో పరీక్ష, రంధ్రాల సంగతి తేల్చడానికి. అడుగు కవర్ పూర్తిగా తీసేసి, ల్యాప్‌టాప్‌ని రెండు పక్కలా దిమ్మల మీద నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి మొదటి పరీక్షే, అంటే పరిమితి లేకుండా, నడపండి. ఫ్యాన్లకు, బోర్డుకు ఏదీ తగలకూడదు. అడ్డే లేకపోతే ఎన్ని వాట్లు వస్తాయో తెలిసిపోతుంది. రంధ్రాలు చేసి సాధించగలిగేది దాదాపు అంతే. రెండు ఫలితాలూ పెట్టండి.

గోదావరిఖని_రెండర్

రెండూ చేశాను అన్నా. గది 34.

45 వాట్లకు కట్టేస్తే 79 డిగ్రీలు, చల్లటి పీ-కోర్ 65. కవర్ తీసి పరిమితి లేకుండా నడిపితే 62 నుంచి 65 వాట్లకు పెరిగింది, వేడి అదే 96.

రాగిరేకు

అయితే దారి స్పష్టం. 45 వాట్ల దగ్గర కూడా (79 − 34) ÷ 45 = 1.0 వచ్చింది, రెండు కొలతలూ కలిశాయి. కవర్ మొత్తం తీసేసినా మూడు వాట్లే పెరిగిందంటే గాలి లోపలికి వచ్చే దారి మీ సమస్య కాదు. రంధ్రాలు మానేయండి. మీ నష్టమంతా డైకీ రాగికీ మధ్య, కొంత ఫిన్నుల్లో దుమ్ము దగ్గర.

కావలసినవి: 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని గుడ్డ లేదా కాఫీ ఫిల్టర్, పీహెచ్0, పీహెచ్00 స్క్రూడ్రైవర్లు, ప్లాస్టిక్ ఓపెనర్, మెత్తటి బ్రష్షు, పీటీఎం7950 షీటు (పేస్టు బదులు), థర్మల్ పుట్టీ (ప్యాడ్ల బదులు వాడే మెత్తటి ముద్ద). హైదరాబాద్ వైపు ఎవరైనా వెళ్తుంటే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో పనిముట్లు, ఆల్కహాల్ దొరుకుతాయి. పీటీఎం7950 మాత్రం నమ్మకమైన చోట కొనండి, ఆ పేరుతో నకిలీ షీట్లు చాలా తిరుగుతున్నాయి.

పీటీఎం7950 ఎందుకంటే అది హనీవెల్ తయారుచేసే ఫేజ్ చేంజ్ పదార్థం. గది వేడిలో షీటులా ఉంటుంది, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి ఒత్తిడికి పలచటి పొరగా సర్దుకుంటుంది. చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. పేస్టులా అంచులకు జారిపోదు, కరెంటు ప్రవహించనివ్వదు. గంటల తరబడి రెండర్ చేసే ల్యాప్‌టాప్‌కి నేనైతే పేస్టు వేయను.

పని వరస:

ల్యాప్‌టాప్ ఆపేముందు పది నిమిషాలు లోడ్ పెట్టి వెచ్చగా చేయండి. చల్లారిన పాత పేస్టు గట్టిగా పట్టుకుని ఉంటుంది, వెచ్చగా ఉంటే హీట్‌సింక్ తేలిగ్గా వదులుతుంది. షట్‌డౌన్ చేసి కవర్ తీశాక మొదట పీకాల్సింది బ్యాటరీ కనెక్టరు. తర్వాత పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి.

హీట్‌సింక్ మీద స్క్రూల పక్కన 1, 2, 3 అని అంకెలుంటాయి. విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి చిన్నదానికి, ఒక్కోటి ఒకేసారి పూర్తిగా కాకుండా అర తిప్పు చొప్పున. ఫ్యాన్ల వైర్లు పీకారో లేదో చూసుకుని, హీట్‌సింక్‌ని కొద్దిగా అటూ ఇటూ మెలితిప్పి ఎత్తండి. ఒక అంచు పట్టి పైకి లాగితే డై మూల చిట్లుతుంది. అలా చిట్లితే బోర్డు పోయినట్టే.

ఎత్తగానే తుడిచేయకండి, ముందు ఫొటో తీయండి. డై మీద పేస్టు ఎక్కడ పలచగా ఉందో, ఎక్కడ మందంగా ఉందో, ఏ ప్యాడ్ (మెమరీ లాంటి మిగతా చిప్పుల మీద ఉండే మెత్తటి పట్టీ) మీద నొక్కుడు గుర్తు ఉందో, దేని మీద లేదో అన్నీ అందులో కనిపిస్తాయి. ఆ ఫొటో ఇక్కడ పెడితే మిగతావాళ్లు కూడా చూసి చెప్పగలరు.

ఫ్యాన్లు విడదీసి, ఫ్యాన్‌కీ ఫిన్నులకీ మధ్య చూడండి. అక్కడ దుమ్ము నెమ్మది నెమ్మదిగా కంబళి ముక్కలా పేరుకుని ఉంటుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే అది కదలదు, వెనక్కి జరిగి మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. చేత్తో తీసేయాల్సిందే. ఫ్యాన్ మీద గాలి కొట్టేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోండి, విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

పాత పేస్టు పూర్తిగా తుడవండి. సీపీయూ ప్యాకేజీ మీద పెద్ద డై పక్కన ఇంకో చిన్న డై కనిపిస్తుంది, అది పీసీహెచ్ (యూఎస్‌బీ లాంటి కనెక్షన్లు చూసుకునే చిప్పు). దాని మీద ముందే ప్యాడ్ ఉంటే తిరిగి పెట్టండి, లేకపోతే వదిలేయండి.

పీటీఎం షీటుని కవర్‌తో సహా పది, పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి తీస్తే పొర విడదీయడం సులువు. డై కొలత స్కేలుతో తీసుకుని ఒక్కో వైపు అర మిల్లీమీటరు ఎక్కువ ఉండేలా కత్తిరించండి. ఒక పొర ఒలిచి డై మీద అతికించి, వేలితో నెమ్మదిగా అద్ది, రెండో పొరని మూల నుంచి పక్కకి లాగుతూ తీయండి. రెండో పొర ఒలవడం మరిచిపోయి హీట్‌సింక్ బిగించేసేవాళ్లు చాలామంది. అలా అయితే ఆన్ చేయగానే వంద తాకుతుంది. చిరిగితే ముక్కని పక్కన అతికించండి, కరిగినప్పుడు కలిసిపోతుంది. ఒకదాని మీద ఒకటి మాత్రం వద్దు.

బిగించేటప్పుడు 1 నుంచి వరసగా, అర తిప్పు చొప్పున, రెండు మూడు విడతల్లో. స్ప్రింగు స్క్రూలకి చివర ఒక ఆగే చోటు ఉంటుంది. అక్కడ ఆపేయండి. ఒత్తిడి ఇచ్చేది స్ప్రింగు, మీ చేతి బలం కాదు.

బెజవాడ_బెంచ్

రాగిరేకు గారు చెప్పిన వరస సరైనదే. నేను ప్యాడ్ల గురించే రాస్తాను, ఎందుకంటే ఇంట్లో సొంతంగా చేసుకునే పనుల్లో ఎక్కువ చెడిపోయేది అక్కడే.

పాత ప్యాడ్లు చిరిగాయని ఏదో ఒక మందం కొనేసి పెడతారు. పాతది 1 మిల్లీమీటరు ఉన్న చోట 1.5 పెడితే, ఆ అర మిల్లీమీటరు హీట్‌సింక్‌ని పైకి ఎత్తి పట్టుకుంటుంది. మెమరీ చల్లగా ఉంటుంది, సీపీయూ కాలిపోతుంది. ఎంత నష్టమో లెక్క చూడండి. డై సుమారు రెండు చదరపు సెంటీమీటర్లు, పేస్టు వాహకత (వేడిని పంపే గుణం, W/mK లెక్కలో) 8 అనుకుందాం. మధ్య పొర 0.03 మిల్లీమీటర్లు ఉంటే 90 వాట్ల దగ్గర ఆ పొర దాటడానికే రెండు డిగ్రీల లోపు ఖర్చవుతుంది. 0.3 మిల్లీమీటర్లయితే దాదాపు 17 డిగ్రీలు. డైలో కొన్ని చోట్ల వేడి సగటు కంటే చాలా ఎక్కువ పుడుతుంది కాబట్టి ఆ కోర్ల దగ్గర నష్టం ఇంకా పెద్దది.

ఇప్పుడు ప్యాడ్ నాణ్యత చూడండి. జీడీడీఆర్6 (గ్రాఫిక్స్ మెమరీ) చిప్పు 12 బై 14 మిల్లీమీటర్లు, సుమారు రెండు వాట్లు. 1 మిల్లీమీటరు మందం, 6 వాహకత ఉన్న చౌక ప్యాడ్ దాటడానికి దానికి రెండు డిగ్రీలు. 12 వాహకత ఉన్న ఖరీదైన ప్యాడ్‌తో ఒక డిగ్రీ. ఆ ఒక్క డిగ్రీ కోసం డబ్బు పెట్టకండి. పైగా ఎక్కువ వాహకత ఉన్న ప్యాడ్లు చాలావరకు గట్టిగా ఉంటాయి, నొక్కితే అణగవు. ల్యాప్‌టాప్‌కి మెత్తదనం ముఖ్యం.

అందుకే పుట్టీ. మందం కొలవక్కర్లేదు, ఎంత సందు ఉంటే అంతకి అణిగి ఊరుకుంటుంది. మెమరీ చిప్పుకి శనగ గింజంత, వీఆర్ఎం (చిప్పులకు కరెంటు సరఫరా చేసే భాగం) మాస్‌ఫెట్లకి, కాయిల్స్‌కి వాటి పొడుగునా ఒక గీత. 30 గ్రాముల డబ్బా ఒక ల్యాప్‌టాప్‌కి సరిపోయి మిగులుతుంది. పాత ప్యాడ్ పెట్టిన ప్రతిచోటా పుట్టీ ఉండాలి, ఒక్కటి కూడా వదలకూడదు. వీఆర్ఎం మీద ప్యాడ్ మరిచిపోతే సీపీయూ వేడి బాగానే కనిపిస్తుంది, కానీ లోడ్ పెరిగిన కాసేపటికి వాట్లు హఠాత్తుగా పడిపోతాయి. కారణం తెలియక తల పట్టుకుంటారు.

మొదటిసారి బిగించేముందు ఒక తడవ పుట్టీ వేసి, డైల మీద పీటీఎం బదులు చౌక పేస్టు రాసి, బిగించి, మళ్లీ విప్పి చూడండి. డై మొత్తం మీద పేస్టు పలచగా, సమంగా పరుచుకుంటే హీట్‌సింక్ సరిగ్గా కూర్చున్నట్టు. ఒక మూల మందంగా మిగిలితే ఆ వైపు ఏదో ఎత్తుగా ఉంది. సరిచేశాక పేస్టు పూర్తిగా తుడిచి పీటీఎం పెట్టండి. అరగంట ఎక్కువ పడుతుంది, ఆ అరగంట పెట్టండి.

గాలియం_31

లిక్విడ్ మెటల్ మీద ఒక మాట. నేను దానికి వ్యతిరేకిని కాదు. గాలియం, ఇండియం, తగరం కలిసిన ఆ మిశ్రమం ఏ పేస్టు కంటేనైనా వేడిని బాగా పంపిస్తుంది. ఏసస్ 2020 నుంచి రోగ్ ల్యాప్‌టాప్‌లలో ఫ్యాక్టరీలోనే వేస్తోంది. కానీ అక్కడ డై చుట్టూ స్పాంజి గట్టు కడతారు, పూత యంత్రంతో వేస్తారు. ఇంట్లో చేసేటప్పుడు ఆ రక్షణలన్నీ మనమే కల్పించుకోవాలి.

మీ హీట్‌సింక్ అడుగు పలక రాగిదా, నికెల్ పూత ఉందా, అల్యూమినియమా చూడండి. అల్యూమినియం అయితే తలపెట్టొద్దు, గాలియం దాన్ని తినేసి పొడి చేస్తుంది. పూత లేని రాగిలోకి గాలియం కొంత ఇంకుతుంది, తెల్లటి మరక పడుతుంది, నెలలు గడిచేకొద్దీ పొర ఎండి వేడి మళ్లీ పెరుగుతుంది. ఒకసారి వేసి వదిలేసే పని కాదు. నికెల్ పూత ఉంటే నిలకడగా ఉంటుంది.

డై చుట్టూ ఉన్న చిన్న కెపాసిటర్ల మీద కన్ఫార్మల్ కోటింగ్ (కరెంటు తగలనివ్వని వార్నిష్ లాంటిది) రెండు పూతలు, పైన కాప్టన్ టేపు (వేడికి తట్టుకునే టేపు), చుట్టూ మెత్తటి స్పాంజి గట్టు. డై మీద, రాగి మీద రెండింటి మీదా పలచగా, అద్దంలా మెరిసేలా రుద్దాలి. చుక్క కట్టిందంటే ఎక్కువైనట్టే. ఇది లోహం, కరెంటు ప్రవహిస్తుంది; ఒక్క చుక్క జారి కెపాసిటర్ల మధ్య పడితే షార్ట్. ల్యాప్‌టాప్ బ్యాగులో నిలువుగా ప్రయాణిస్తుంది, కుదుపులుంటాయి. డెస్క్‌టాప్‌కి లేని ప్రమాదం ఇది.

మంచి పీటీఎం మీద దీనికి అదనంగా వచ్చేది మూడు నుంచి ఐదు డిగ్రీలు. మీ హీట్‌సింక్ ఒరిగి కూర్చుని ఉంటే లిక్విడ్ మెటల్ ఆ సందును నింపలేదు, దాని పొర మరీ పలచన. 19 డిగ్రీల తేడా చూపిస్తున్న యంత్రం మీద అది వేయడం తప్పు.

రాగిరేకు

రాగి ఫిన్నుల సంగతి ఎవరూ రాయలేదు. హీట్‌పైపు మీద అతికించే ఫిన్నులు గాలి ప్రవాహంలో లేకపోతే అవి బరువే. రాగి ముక్క కొంత వేడిని దాచుకుంటుంది కాబట్టి 97 తాకడం కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది. చిన్న పనులకు అది లాభమే. రెండర్ పదో నిమిషంలో మాత్రం తేడా కనబడదు, ఎందుకంటే వేడి చివరికి గాలిలోకి పోయే దారి అదే పాత ఫిన్నులు, అవే ఫ్యాన్లు. పైపులకి అదనపు పైపు సోల్డర్ చేద్దామనుకునేవాళ్లకి హెచ్చరిక: లోపల నీరు సీలు చేసి ఉంటుంది, ఎక్కువ వేడి తగిలితే పైపు ఉబ్బుతుంది, పగులుతుంది. చేస్తే 138 డిగ్రీలకే కరిగే తగరం-బిస్మత్ సోల్డరుతో చేయాలి. పైపు వంచితే లోపలి పొడి పొర నలిగి పనిచేయదు.

హీట్‌పైపుకీ అడుగు కవర్‌కీ మధ్య ప్యాడ్ పెట్టే పద్ధతి ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1 లాంటి అల్యూమినియం యంత్రాల్లో బాగా పనిచేస్తుంది. మీది ప్లాస్టిక్ కవర్ అయితే వృథా.

చేయదగ్గ చిన్న మార్పు ఒకటుంది. ఫ్యాన్ నోటికీ ఫిన్నులకీ మధ్య సందులుంటే వేడిగాలి అక్కడి నుంచి లోపలికే కారి, ఫ్యాన్ దాన్నే మళ్లీ పీలుస్తుంది. ఫ్యాన్ తిరిగి బిగించాక ఆ అతుకు మీద కాప్టన్ టేపు వేయండి. అలాగే కవర్ లోపలి వైపు, గాలి పీల్చే జాలీకీ వెనక వేడిగాలి పోయే చోటుకీ మధ్య సన్నటి ఫోమ్ పట్టీ. ఖర్చు దాదాపు లేదు.

కవర్ తీసిన పరీక్షలో ఎనిమిది, పది వాట్లు పెరిగినవాళ్లు ఈ థ్రెడ్ చదువుతుంటే, రంధ్రాలు వాళ్లకి పనికొస్తాయి. 3 మిల్లీమీటర్ల రంధ్రాలు 5 మిల్లీమీటర్ల దూరంలో తేనెపట్టు వరసలో చేస్తే తెరుచుకునేది మూడో వంతు. 4 మిల్లీమీటర్లయితే 58 శాతం, కానీ మధ్య మిగిలే ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ పగులుతుంది. 3.5 దగ్గర ఆగండి. ఫ్యాన్ చక్రం కిందే చేయండి. వీఆర్ఎం, ఎస్ఎస్‌డీ మీదుగా గాలి లాగే కవర్లలో రంధ్రాలు ఎక్కువైతే ఆ గాలి ఆగి అవి వేడెక్కుతాయి. కవర్ విడిగా తీసుకెళ్లి చేసి, కడిగి, ఆరబెట్టి బిగించండి.

కోడ్_కరీంనగర్

హార్డ్‌వేర్ అయ్యాక పవర్ లిమిట్ కూడా పెట్టుకోండి. 12700హెచ్ 90 వాట్ల నుంచి 65కి దించితే రెండర్ వేగం సుమారు పదో వంతే తగ్గుతుంది, వేడి మాత్రం (0.7 లెక్కన) 17 డిగ్రీలు దిగుతుంది. మేలో 38 డిగ్రీల గదిలో 65 వాట్లంటే 38 + 45.5, దాదాపు 84. గంటల తరబడి నడవడానికి ఇది హాయి.

అండర్‌వోల్ట్ (సీపీయూకి ఇచ్చే వోల్టేజీ తగ్గించడం) గురించి అడుగుతారని ముందే చెప్తున్నా. 2019 డిసెంబరులో, వోల్టేజీ మార్పుని వాడుకుని దాడి చేయగలిగే ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక తయారీదారులు బయాస్‌లో వోల్టేజీ మార్పుకి తాళం వేయడం మొదలుపెట్టారు. ఈ హెచ్ చిప్పుల్లో చాలావాటికి లాక్ ఉంటుంది, హెచ్‌ఎక్స్ చిప్పుల్లో వీలుంటుంది. థ్రాటిల్‌స్టాప్‌లో వోల్టేజీ మార్చే ఎఫ్‌ఐవీఆర్ పేజీలో లాక్డ్ అని కనిపిస్తే వదిలేయండి. దానికోసం బయాస్ వెనక్కి దించి, సెక్యూరిటీ ఆపేసి ప్రయోగాలు చేయాల్సినంత లాభం లేదు.

గోదావరిఖని_రెండర్

విప్పి చూశాను. సీపీయూ డై మీద ఒక వైపు సగం దాదాపు ఖాళీ, పేస్టంతా అంచుల్లో గట్టు కట్టి ఉంది. ఫిన్నుల ముందు కంబళి నిజంగానే ఉంది. పుట్టీ, పీటీఎం పెట్టి బిగించాను. 45 వాట్ల పరీక్షలో 71 వచ్చింది, గది 34. పీ-కోర్ల తేడా 9. లెక్క 0.82 వస్తోంది, 0.7 రాలేదు. మళ్లీ విప్పాలా?

రాగిరేకు

విప్పకండి. పీటీఎం మొదటి రోజు పలచబడదు. కరిగి, ఒత్తిడికి అంచులకు పారి, చల్లారి గట్టిపడాలి, అలా కొన్నిసార్లు జరగాలి. పరిమితి తీసేసి ఇరవై నిమిషాలు నిండు లోడ్ ఇచ్చి, పూర్తిగా ఆపి చల్లారనివ్వండి. ఐదారుసార్లు ఇలా చేసి మళ్లీ 45 వాట్ల పరీక్ష పెట్టండి. కోర్ల తేడా 9కి వచ్చిందంటే హీట్‌సింక్ సరిగ్గానే కూర్చుంది. అంకె 0.75 లోపుకి దిగకపోతే అప్పుడు స్క్రూలు మాత్రం 1 నుంచి వరసగా ఇంకోసారి చివరిదాకా వచ్చాయో లేదో చూడండి, ల్యాప్‌టాప్ వెచ్చగా ఉన్నప్పుడు, బ్యాటరీ కనెక్టరు పీకి.